ఐరోపా ఉమ్మడి సైబర్ రక్షణ: చిన్న దేశం తన సొమ్ము ఎక్కడ పెట్టాలి?

2023 మే 11న డెన్మార్క్‌లో పదహారు ఇంధన సంస్థలపై ఒకేసారి సైబర్ దాడి జరిగింది. దాడికి వాడిన ఆయుధం, నెట్‌వర్క్ గుమ్మంలో కాపలా కాసే ఫైర్‌వాల్‌కు పంపిన ఒకే ఒక్క డేటా ప్యాకెట్. పదకొండు చోట్ల అది వెంటనే పారింది. దాడి చేసినవాళ్ళు చీకట్లో రాయి విసరలేదు. లోపం ఉన్న జైక్సెల్ కంపెనీ ఫైర్‌వాల్ ఎవరెవరి దగ్గర ఉందో ముందే తెలుసుకుని సరిగ్గా వాళ్ళనే కొట్టారు. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఏప్రిల్ 25నే విడుదలైంది. రెండు వారాలు గడిచినా ఎందుకు వేసుకోలేదని తర్వాత ఆరా తీస్తే రకరకాల జవాబులు వచ్చాయి. కొత్తగా కొన్న పరికరం కాబట్టి తాజా సాఫ్ట్‌వేరే ఉంటుందని కొందరు అనుకున్నారు. అప్‌డేట్ చేయాల్సింది అమ్మినవాడేనని ఇంకొందరు నమ్మారు. ప్యాచ్ ఉచితమే అయినా దాన్ని అమర్చడానికి డబ్బు అడుగుతారని కొన్ని సంస్థలు వాయిదా వేశాయి. కొందరికైతే అలాంటి పరికరం తమ నెట్‌వర్క్‌లో ఉందన్న సంగతే తెలియదు.

ఈ దాడిని పసిగట్టింది నాటో కాదు, బ్రస్సెల్స్‌లోని ఏ ఐరోపా సమాఖ్య కార్యాలయమూ కాదు. సెక్టార్‌సెర్ట్ అనే చిన్న సంస్థ. డెన్మార్క్‌లో విద్యుత్తు, నీరు వంటి కీలక సేవలు అందించే సంస్థలు తమ డబ్బుతో తామే నడుపుకుంటున్న లాభాపేక్ష లేని వ్యవస్థ అది. సభ్యుల నెట్‌వర్క్‌ల అంచున పెట్టిన సెన్సార్లలో అసాధారణ కదలిక కనిపించగానే వాళ్ళు ఒక్కొక్క సభ్యుడితో కూర్చుని ఆ కన్నాలు పూడ్చారు. మే నెలాఖరులోపు మరికొన్ని దాడులు వచ్చాయి, మొత్తం 22 సంస్థల్లోకి చొరబాటు జరిగింది. కొన్ని సంస్థలు కొంతకాలం ఇంటర్నెట్‌తో సంబంధం తెంచుకుని పనిచేశాయి. దేశంలో మాత్రం కరెంటు పోలేదు.

ఐరోపా సైబర్ రక్షణ గురించి ఏ ప్రకటన చదివినా, ఏ కొత్త కేంద్రం ప్రారంభమైనా, ఈ డెన్మార్క్ ఉదంతాన్ని పక్కన పెట్టుకుని చూడటం మంచిది. అక్కడ ఇప్పుడు ఉమ్మడి రక్షణ పేరుతో ఉన్న దారులకు కొదవ లేదు. నాటో ఉంది. ఐరోపా సమాఖ్య చట్టాలు ఉన్నాయి. అత్యవసర సాయానికి ప్రైవేటు నిపుణుల రిజర్వు ఉంది. కొన్ని దేశాలు కలిసి నడిపే సత్వర స్పందన బృందాలు ఉన్నాయి. అమెరికా టెక్ కంపెనీల అండ ఉంది. ఇవన్నీ కాక ఎస్టోనియాలా సొంత పౌరులతో రక్షణ దళం కట్టుకునే పద్ధతి ఒకటుంది. ఒక చిన్న దేశం, చేతిలో పరిమితమైన డబ్బుతో, అంతకంటే పరిమితమైన నిపుణులతో, వీటిలో దేన్ని ముందు ఎంచుకోవాలి అన్నదే ఇక్కడ చర్చ. అంతర్జాతీయ సంబంధాలు చదివే విద్యార్థులకు ఇది ఎంత పనికొస్తుందో, హైదరాబాదులో కూర్చుని ఐరోపా కంపెనీల నెట్‌వర్క్‌లు కాపలా కాసే ఇంజినీర్లకూ అంతే పనికొస్తుంది.

ముందు ఒక చిక్కు

ఐరోపా సమాఖ్య ఒప్పందంలో నాలుగో అధికరణం జాతీయ భద్రత ఒక్కొక్క సభ్యదేశానికి మాత్రమే చెందిన బాధ్యత అని తేల్చి చెబుతుంది. అంటే మార్కెట్టు పేరు మీద, వినియోగదారుడి రక్షణ పేరు మీద బ్రస్సెల్స్ ఎన్ని చట్టాలైనా చేయగలదు కానీ, ఒక దేశ గూఢచారి సంస్థను పిలిచి నీకు తెలిసింది పక్కదేశానికి చెప్పు అని ఆజ్ఞాపించలేదు. ఆ పంపకం ఇష్టాన్ని బట్టి, నమ్మకాన్ని బట్టి జరగాల్సిందే. 2022 నవంబరులో ఐరోపా సమాఖ్య సైబర్ రక్షణ విధానం వెలువడింది. సైనిక స్పందన బృందాలను కలిపే మిక్‌నెట్ అనే నెట్‌వర్క్, ఉమ్మడి సైబర్ రక్షణ సమన్వయ కేంద్రం వంటివి అందులోని ఆలోచనలే. ఆలోచన మంచిదే. కానీ సైనిక సమాచారం పంచుకోవడం పౌర సమాచారం పంచుకోవడం కంటే ఎప్పుడూ నెమ్మది. ప్రతి కాగితానికీ రహస్య స్థాయి, ప్రతి మనిషికీ అనుమతి పత్రం. దాడి మాత్రం ఆసుపత్రి మీదో నీటి సరఫరా మీదో జరుగుతుంది. అక్కడ సైనికుడు ఉండడు.

కాబట్టి ఏ దారినైనా తూచేటప్పుడు నేను మూడు విషయాలు చూస్తాను. దాడికి ముందు అది ఏం చేస్తుంది? దాడి జరిగిన మొదటి రోజున అది ఏం చేస్తుంది? దాన్ని వాడుకోవడానికి మన దగ్గర ముందే ఏం ఉండాలి? మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. అసలు తేడా అక్కడే బయటపడుతుంది.

నాటో: బెదిరింపుకు గొడుగు, దొంగకు కాదు

సైబర్ రక్షణ సామూహిక రక్షణలో భాగమని నాటో 2014 వేల్స్ సమావేశంలో ప్రకటించింది. 2016లో వార్సాలో నేల, నీరు, గాలితో పాటు సైబర్‌నూ ఒక యుద్ధరంగంగా గుర్తించింది. 2024లో వాషింగ్టన్ సమావేశం బెల్జియంలోని మోన్స్‌లో సమీకృత సైబర్ రక్షణ కేంద్రం పెట్టాలని నిర్ణయించింది. వినడానికి గట్టిగానే ఉంటుంది. ఇక అల్బేనియా సంగతి చూడండి. 2022 జులైలో ఇరాన్‌కు చెందిన హ్యాకర్లు అక్కడి ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలను కూల్చేశారు. అప్పటికి కొద్ది కాలం ముందే ఆ దేశం చాలా పౌరసేవలను ఆన్‌లైన్‌కు మార్చేసింది. అల్బేనియా నాటో సభ్యదేశం. సెప్టెంబరులో ఇరాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది, రాయబార సిబ్బందిని వెళ్ళగొట్టింది. అయినా ఒకరిపై దాడిని అందరిపై దాడిగా చూడాలనే నాటో ఒప్పందం ఐదో అధికరణం కింద మిత్రదేశాలను సమర సాయానికి పిలవలేదు. ఆ అధికరణాన్ని నాటో చరిత్రలో వాడింది ఒక్కసారే, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత. అల్బేనియాకు ఆచరణలో అందిన సాయం అమెరికా నిపుణుల నుంచి, ఒక పెద్ద టెక్ కంపెనీ పరిశోధకుల నుంచి వచ్చింది.

దీన్నిబట్టి నాటో పనికిరాదని కాదు. ఒక దేశం విద్యుత్ గ్రిడ్‌ను నెలల తరబడి ఆపగల శక్తి ఉన్న శత్రువుకు, ఆ పని చేస్తే ఏం జరుగుతుందో అన్న సందేహాన్ని నాటో కలిగిస్తుంది. ఆ సందేహం విలువైనది. డబ్బు విషయంలోనూ ఒక లాభముంది. 2025 జూన్‌లో హేగ్‌లో సభ్యదేశాలు 2035 నాటికి జీడీపీలో 5 శాతం రక్షణకు పెడతామని ఒప్పుకున్నాయి. అందులో 1.5 శాతం మౌలిక సదుపాయాల రక్షణ, నెట్‌వర్క్‌ల భద్రత వంటి వాటికి. ఆర్థిక మంత్రి దగ్గర సైబర్ బడ్జెట్ గురించి మొరపెట్టుకునే అధికారికి ఇంతకంటే మంచి కాగితం దొరకదు.

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో 2008లో పెట్టిన సైబర్ రక్షణ కేంద్రం గురించీ ఒక మాట చెప్పాలి. అది నాటో సైనిక ఆజ్ఞా వ్యవస్థలో భాగం కాదు. దాడి వస్తే అక్కడి నుంచి ఎవరూ పరుగెత్తుకు రారు. పరిశోధన, శిక్షణ, అభ్యాసాలు దాని పని. 2010 నుంచి ఏటా అది జరిపే లాక్డ్ షీల్డ్స్ విన్యాసాల్లో ఇప్పుడు దాదాపు 40 దేశాల నుంచి నాలుగు వేల మంది దాకా పాల్గొంటున్నారు. ఒక ఊహాజనిత దేశం నెట్‌వర్క్‌లను ప్రత్యక్ష దాడుల మధ్య కాపాడటం ఆట. సాంకేతిక నిపుణులతో పాటు న్యాయవాదులకు, పత్రికా ప్రతినిధులకు జవాబిచ్చేవాళ్ళకూ అందులో పరీక్ష ఉంటుంది. చిన్న దేశం చేరగలిగిన వాటిలో ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే. నాటోలో లేని ఐర్లండ్ కూడా 2023లో ఆ కేంద్రంలో చేరింది.

చట్టాల దారి: విసుగు పుట్టించేదే, కానీ ముందు ఇదే

ఐరోపా సమాఖ్య చట్టాల పేర్లు చూస్తేనే నిద్ర వస్తుంది. అయినా రెండింటి గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మొదటిది ఎన్‌ఐఎస్-2 ఆదేశం, నెట్‌వర్క్‌ల, సమాచార వ్యవస్థల భద్రత గురించినది. 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లోకి మార్చుకోవడానికి 2024 అక్టోబరు 17 గడువు. విద్యుత్తు, ఆసుపత్రులు, తాగునీరు, రవాణా, డిజిటల్ సేవలు మొదలుకొని 18 రంగాలు దీని కిందికి వస్తాయి. తీవ్రమైన ఘటన జరిగిందని తెలిసిన 24 గంటల్లో తొలి హెచ్చరిక, 72 గంటల్లో వివరమైన నివేదన, నెలలోపు తుది నివేదిక ఇవ్వాలి. ఇవ్వకపోతే అత్యంత కీలక సంస్థలకు కోటి యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక ఆదాయంలో 2 శాతం, ఏది ఎక్కువైతే అంత గరిష్ఠ జరిమానా. అన్నిటికంటే ముఖ్యం, భద్రతా చర్యలను సంస్థ యాజమాన్యమే ఆమోదించి, పర్యవేక్షించి, జవాబుదారీగా ఉండాలి. అది ఐటీ విభాగం చూసుకుంటుందిలే అనే మాట ఇక చెల్లదు.

రెండోది సైబర్ రెసిలియెన్స్ చట్టం. ఇది నేరుగా తయారీదారుల మెడకు చుట్టుకుంటుంది. ఐరోపాలో అమ్మే ప్రతి డిజిటల్ పరికరానికీ, సాఫ్ట్‌వేర్‌కూ సాధారణంగా కనీసం ఐదేళ్ళ పాటు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలి. వీలైన చోట అవి తమంతట తామే అమరాలి. ఫైర్‌వాల్ వంటి ముఖ్యమైన సరుకులను మార్కెట్లోకి తెచ్చే ముందు మరింత కఠినమైన తనిఖీ దాటాలి. దాడులకు వాడుతున్న లోపం కనబడితే 24 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన 2026 సెప్టెంబరు 11 నుంచి, మిగతా ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. డెన్మార్క్ సంస్థలు చెప్పిన సాకులను గుర్తు చేసుకోండి. అమ్మినవాడు చూసుకుంటాడనుకున్నాం, అమర్చడానికి ఖర్చవుతుందనుకున్నాం అన్నారు. ఈ చట్టం సరిగ్గా ఆ సాకుల మీదే గురిపెట్టింది. ఎన్ని సత్వర బృందాలు, ఎన్ని యుద్ధరంగ ప్రకటనలు కలిసినా ఆ పదకొండు ఫైర్‌వాల్‌లను మే 10న కాపాడగలిగేవి కావు. తనంతట తాను అమరే అప్‌డేట్ కాపాడేది.

అయితే చట్టం ఒక్కటే సరిపోతుందనుకుంటే ఐర్లండ్ ముందుకొస్తుంది. 2021 మార్చి 18న అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థలో ఒక ఉద్యోగి మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. దాంతో లోపలికి చొరబడినవాళ్ళు ఎనిమిది వారాలు నెట్‌వర్క్ అంతా తిరిగారు. మధ్యలో కొన్ని హెచ్చరికలు మోగాయి కానీ వాటిని కలిపి చూసినవాళ్ళు లేరు. మే 14 తెల్లవారుజామున కాంటి ముఠా డబ్బు కోసం ఫైళ్ళకు తాళం వేసే తన ర్యాన్సమ్‌వేర్‌ను వదిలింది. సంస్థ కంప్యూటర్ వ్యవస్థలో దాదాపు 80 శాతం తాళం పడింది. డాక్టర్లు కాగితం, కలం పట్టుకున్నారు. స్కానింగులు, క్యాన్సర్ చికిత్సలు, ప్రసూతి అపాయింట్‌మెంట్లు తారుమారయ్యాయి. ఆరు రోజులకు ముఠాయే తాళంచెవిని ఊరికే ఇచ్చింది. అయినా వ్యవస్థలన్నీ కోలుకునేసరికి సెప్టెంబరు వచ్చింది.

2016 నాటి మొదటి ఎన్‌ఐఎస్ ఆదేశం అప్పటికే అమల్లో ఉంది, ఆరోగ్యరంగం దాని పరిధిలోనిదే. కానీ ఐర్లండ్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రంలో అప్పుడున్నది పాతిక మంది సిబ్బంది. దాని సారథి కుర్చీ ఖాళీగా ఉంది, ఇస్తామన్న జీతానికి ఎవరూ రాలేదు. దేశమంతటి కీలక సంస్థలనూ పాతిక మంది తనిఖీ చేయగలరా? చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, దాన్ని పట్టుకుని సంస్థల గడప తొక్కే మనుషులు కావాలి. ఎన్‌ఐఎస్-2 విషయంలోనూ అదే కథ మొదలైంది. గడువు దాటాక 2024 నవంబరులో ఐరోపా కమిషన్ 23 సభ్యదేశాలకు నోటీసులు పంపింది. ఇరవై ఏడింటిలో ఇరవై మూడు! ఉమ్మడి రక్షణ కోసం ఉపన్యాసాలు ఇచ్చిన రాజధానుల్లో చాలావరకు ఆ జాబితాలో ఉన్నాయి.

రిజర్వు, సత్వర బృందాలు: పిలిస్తే వస్తారు, కానీ ఎవరు పిలవాలి?

2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన సైబర్ సాలిడారిటీ చట్టం ఐరోపా సైబర్ భద్రతా రిజర్వును తెచ్చింది. ముందే ఎంపిక చేసిన ప్రైవేటు సంస్థల నిపుణులు పెద్ద దాడి జరిగినప్పుడు సభ్యదేశాలకు సాయపడతారు. దీన్ని నడిపే బాధ్యత గ్రీస్‌లో ఉన్న ఎనీసా అనే సమాఖ్య సైబర్ భద్రతా సంస్థది. అందుకు మూడేళ్ళకు 3.6 కోట్ల యూరోలు కేటాయించారు. 2017లో నోట్‌పెట్యా అనే వైరస్ దాడి వల్ల మెర్స్క్ అనే ఒక్క నౌకాయాన సంస్థకు వచ్చిన నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. ఇరవై ఏడు దేశాలకు మూడేళ్ళ కేటాయింపు ఒక కంపెనీ నష్టంలో ఆరో వంతో ఏడో వంతో. కాబట్టి రిజర్వును దేశ రక్షణ అనుకుని నిద్రపోకూడదు.

కానీ చిన్న దేశానికి అది మంచి బేరమే. సాయం అడిగితే 48 గంటల్లోపు జవాబివ్వాలన్నది నియమం. వాడుకోని సేవలను దాడికి ముందు తనిఖీలకు, సన్నద్ధతకు మళ్ళించే వీలు కూడా చట్టంలో ఉంది. నా లెక్కలో రిజర్వు అసలు విలువ అక్కడే ఉంది. సమాఖ్య నడిపే డిజిటల్ యూరప్ కార్యక్రమంలో చేరిన బయటి దేశాలు కూడా, ఒప్పందంలో ఆ వెసులుబాటు ఉంటే, ఈ సాయం కోరవచ్చు. మోల్డోవా వంటి దేశానికి ఇది చాలా పెద్ద సంగతి.

సత్వర స్పందన బృందాల సంగతి వేరు. రక్షణ సహకారానికి ఐరోపా దేశాలు పెట్టుకున్న పెస్కో చట్రం కింద లిథువేనియా నాయకత్వంలో కొన్ని దేశాలు వీటిని నడుపుతున్నాయి. క్రొయేషియా, ఎస్టోనియా, నెదర్లాండ్స్, పోలండ్, రుమేనియా మొదటి నుంచీ ఉన్నాయి. వంతులవారీగా సిద్ధంగా ఉండే నిపుణుల చిన్న జట్టు అది. 2022 ఫిబ్రవరి 22న ఉక్రెయిన్ కోరిక మీద దాన్ని కదిలించారు. రెండు రోజుల్లో రష్యా ట్యాంకులు సరిహద్దు దాటాయి. జట్టు కీవ్ వెళ్ళే మాట అక్కడే ఆగిపోయింది. ఫిబ్రవరి 24న దండయాత్రకు దాదాపు గంట ముందు వయాశాట్ ఉపగ్రహ నెట్‌వర్క్‌పై దాడి జరిగింది. వేలాది మోడెములు పనికిరాకుండా పోయాయి. జర్మనీలో 5,800 గాలిమరలను దూరం నుంచి పర్యవేక్షించే సౌకర్యం కూడా తెగిపోయింది. సరిహద్దు లేని దాడికి సరిహద్దు దాటాల్సిన జట్టు ఎంతవరకు జవాబు అన్న ప్రశ్న అప్పుడు లేచింది.

అయినా రిజర్వు, ఈ బృందాలు రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వస్తే చిన్న దేశానికి నేను బృందాలనే చెబుతాను. రిజర్వులో నువ్వు గ్రాహకుడివి. బృందంలో నీ మనుషులు కూడా ఉంటారు. నీ ఇద్దరు ఇంజినీర్లు డచ్చివాళ్ళ పక్కన, పోలండ్‌వాళ్ళ పక్కన కూర్చుని మరో దేశం నెట్‌వర్క్‌లో దొంగ జాడ వెతికితే, తిరిగొచ్చాక వాళ్ళ చేతిలో ఆ పనితనం మిగులుతుంది. ఎవరికి ఫోను చేయాలో తెలిసిన పరిచయాలు మిగులుతాయి. 2007లో ఎస్టోనియా బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్లు దాదాపు మూడు వారాల పాటు దాడుల్లో చిక్కుకున్నప్పుడు ఆ దేశాన్ని ఆదుకున్న వాటిలో, దేశదేశాల నిపుణుల మధ్య అప్పటికే ఉన్న ఇలాంటి పరిచయాలూ ఉన్నాయి.

రెండు దారులకూ ఒకే షరతు ఉంది. పిలవడానికి ఇంట్లో ఒకరుండాలి. ఏ సర్వరు ఎక్కడుందో, లాగ్‌లు (వ్యవస్థలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) ఎక్కడ దాచారో, నెట్‌వర్క్ పటం ఏమిటో వచ్చినవాళ్ళకు చెప్పగలిగే స్థానిక జట్టు లేకపోతే బయటి నిపుణుడు మొదటి మూడు రోజులు వాటి కోసమే వెతుకుతాడు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టు అవుతుంది.

సొంత బలం: ఎస్టోనియా పాఠం

ఎస్టోనియా జనాభా పదమూడు లక్షల పైచిలుకు, విశాఖపట్నం నగర జనాభా కంటే తక్కువ. ఆ దేశం దగ్గర పెద్ద సైన్యం లేదు. 2007 దెబ్బ తర్వాత అది చేసిన పనుల్లో రెండు అనుకరించదగ్గవి. ఒకటి, దేశ రక్షణ దళంలో సైబర్ విభాగం. బ్యాంకుల్లో, టెలికాం సంస్థల్లో పగలు ఉద్యోగాలు చేసుకునే నిపుణులు స్వచ్ఛందంగా ఇందులో చేరి శిక్షణ పొందుతారు. సంక్షోభం వస్తే ప్రభుత్వానికి అండగా నిలుస్తారు. ప్రైవేటు రంగంతో జీతాల్లో పోటీ పడలేని ప్రభుత్వానికి ఇది తెలివైన దారి. ఐర్లండ్‌లో ఆ ఖాళీ కుర్చీ కథ గుర్తుంటే దీని విలువ మరింత తెలుస్తుంది. రెండోది డేటా దౌత్య కార్యాలయం. 2017లో లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని, ముఖ్యమైన ప్రభుత్వ రికార్డుల ప్రతులను అక్కడి డేటా సెంటర్‌లో ఉంచింది. ఆ సర్వర్లకు రాయబార కార్యాలయానికి ఉండేలాంటి రక్షణ ఉంది. దేశం భూభాగం పోయినా రాజ్యం రికార్డు పోకూడదన్నది ఆలోచన.

ఉక్రెయిన్ ఇదే పనిని హడావుడిగా చేయాల్సి వచ్చింది. ప్రభుత్వ డేటాను విదేశీ క్లౌడ్‌లో ఉంచేందుకు వీలుగా చట్టాన్ని దండయాత్రకు కేవలం ఒక వారం ముందు మార్చుకుంది. తర్వాత అమెరికా క్లౌడ్ కంపెనీలు ఆ డేటాను తరలించడంలో సాయపడ్డాయి.

అమెరికా టెక్ కంపెనీల దారి కూడా ఇక్కడే తేల్చేయవచ్చు. సామర్థ్యంలో వాటికి సాటి ఐరోపాలో ఎవరూ లేరు, అది ఒప్పుకోవాల్సిందే. దాడిని ముందుగా చూసేది తరచూ వాళ్ళే, ఎందుకంటే ప్రపంచం మెయిల్‌లో చాలా భాగం వాళ్ళ సర్వర్ల గుండానే పోతుంది. చిక్కల్లా ఆ సాయానికి హామీ లేకపోవడమే. ఇవ్వాళ ఇస్తారు, రేపు వాళ్ళ ప్రభుత్వం ముఖం చిట్లిస్తే ఏమవుతుందో చెప్పలేం. 2025 ఏప్రిల్‌లో ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ లోపాల జాబితా, సీవీఈ, అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోయే అంచుకు వెళ్ళి చివరి నిమిషంలో బతికింది. ఆ తర్వాతి నెలలోనే ఎనీసా ఐరోపా సొంత లోపాల జాబితాను ప్రజల ముందుకు తెచ్చింది. దాని పని అంతకుముందే మొదలైంది కానీ, అవసరం ఏమిటో ఆ ఏప్రిల్ నెల అందరికీ చూపించింది. క్లౌడ్ సేవలకు ఉమ్మడి ధ్రువీకరణ విషయంలో మాత్రం అమెరికా కంపెనీలను ఎంతవరకు దూరం పెట్టాలో తేలక సభ్యదేశాలు ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. ఈ కంపెనీలను వాడుకోండి. వాళ్ళు తప్పుకుంటే రెండో దారి ఏమిటో మాత్రం ముందే రాసి పెట్టుకోండి.

పేరు పెట్టి నిందించడం, ఆంక్షలు వేయడం అనే దారి కూడా ఒకటుంది. 2019లో అందుకు చట్రం తయారైంది, 2020 జులైలో రష్యా, చైనా, ఉత్తర కొరియాలతో ముడిపడిన ఆరుగురు వ్యక్తులు, మూడు సంస్థల మీద తొలి ఆంక్షలు పడ్డాయి. అన్ని దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి కాబట్టి నెమ్మదిగా సాగుతుంది. చిన్న దేశం దీని మీద ప్రత్యేకంగా ఖర్చు పెట్టాల్సింది లేదు, ఓటు వేస్తే చాలు.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి?

బాల్టిక్ దేశాల వంటి చిన్న నాటో సభ్యదేశమైతే, నాటో గొడుగు ఎలాగూ ఉంది కాబట్టి అదనపు యూరోను అక్కడ పెట్టనక్కరలేదు. మొదటి వంతు ఎన్‌ఐఎస్-2ను తనిఖీ చేసే సిబ్బందికి పెట్టాలి. రెండో వంతు డెన్మార్క్ తరహా రంగాలవారీ స్పందన కేంద్రానికి, అందులోనూ నీరు, విద్యుత్తు సరఫరా చేసే చిన్న పురపాలక సంస్థలను ముందు చేర్చాలి. పెద్ద బ్యాంకులు తమను తాము చూసుకోగలవు. పదిమంది ఉద్యోగులతో నడిచే ఊరి నీటి సంస్థ చూసుకోలేదు. మిగిలింది సత్వర బృందంలో ఇద్దరు మనుషులకు.

ఐర్లండ్, ఆస్ట్రియా వంటి తటస్థ దేశాలకు నాటో దారి మూసి ఉంది. వాటికి ఐరోపా సమాఖ్య చట్టాలు, రిజర్వు, టాలిన్ అభ్యాసాలు కలిపితే చాలావరకు లోటు తీరుతుంది. సైనిక కూటమిలో లేనంత మాత్రాన ఈ దేశాలు ఒంటరివి కావు. రాజకీయంగా కూడా వీటి మీద పెద్ద గొడవ ఉండదు.

జర్మనీ, ఫ్రాన్స్ వంటి పెద్ద దేశాల లెక్క వేరు. జర్మనీకి 2017 నుంచి సైబర్ సైనిక కమాండ్ ఉంది, ఫ్రాన్స్‌కు 2009 నుంచి సమర్థమైన జాతీయ సంస్థ ఉంది. వీటికి సాయం తీసుకోవడం సమస్య కాదు, ఇవ్వడమే సమస్య. తమకు తెలిసిన దాడి ఆనవాళ్ళను చిన్న దేశాలకు గంటల్లో పంపే అలవాటు చేసుకుంటే, పది కొత్త కేంద్రాలు కట్టినదానికంటే ఎక్కువ మేలు. గూఢచారి సంస్థలు దీనికి ఇష్టపడవు. అందుకే ఈ పని మంత్రుల స్థాయిలో ఆదేశం లేకుండా జరగదు.

మోల్డోవా వంటి సమాఖ్య బయటి దేశమైతే క్రమం తిరగబడుతుంది. అక్కడ ముందు రిజర్వు అర్హత సంపాదించాలి. ఎందుకంటే సొంత బలం పెంచుకునేదాకా ఎన్నికలు ఆగవు, రష్యా ఆగదు. చట్టాలు సమాఖ్య ప్రవేశ చర్చల్లో భాగంగా ఎలాగూ మార్చుకోవాలి.

ఇక మన హైదరాబాదు ఇంజినీర్లకు ఇందులో ఉన్న పని. ఎన్‌ఐఎస్-2 తన పరిధిలోని సంస్థలను సరఫరాదారుల భద్రత కూడా చూసుకోమంటుంది. వాళ్ళ ఐటీ వ్యవస్థలను నిర్వహించే సేవా సంస్థలను కూడా అది ఒక రంగంగా లెక్కిస్తుంది. కాబట్టి జర్మనీలోని ఆసుపత్రికో, నెదర్లాండ్స్‌లోని విద్యుత్ సంస్థకో మాదాపూర్ నుంచి రాత్రి షిఫ్టులో కాపలా కాస్తున్నవాళ్ళు కూడా ఈ ఉమ్మడి రక్షణలో ఒక కన్ను. మన దేశంలో సైబర్ ఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఐరోపా గడువు 24 గంటలు. ఆరు గంటలకు అలవాటు పడినవాళ్ళకు ఇరవై నాలుగు తేలికే అనిపిస్తుంది, కానీ చిక్కు గంటల్లో లేదు. లెక్క ఘటన గురించి తెలిసిన క్షణం నుంచి మొదలవుతుంది. రాత్రి రెండింటికి మీ తెర మీద అలర్టు కనిపిస్తే, క్లయింటుకు అప్పుడే తెలిసినట్టా, ఉదయం వాళ్ళ మేనేజరు మీ టికెట్ తెరిచినప్పుడు తెలిసినట్టా? ఇది ఒప్పందంలో రాసి లేకపోతే రాయించుకోండి. రాత్రి వేళ లేపి చెప్పాల్సిన మనిషి పేరు, ఫోను నంబరు కూడా అందులోనే ఉండాలి.